దగ్గరికొచ్చిన ఆసుపత్రి

కిష్టవ్వ ఆ పొద్దున వాకిలి ఊడ్చి, పొయ్యి మీద చాయ్ పెట్టి, లోపలికొచ్చి తలుపు గొళ్లెం వేసింది. మందమర్రి కార్మికుల కాలనీలో పట్టపగలు గొళ్లెం పెట్టుకున్న ఇల్లు అదొక్కటే.

"అదేందే, జర గాలన్న రానియ్యవా?" అన్నాడు ఆమె భర్త హనుమండ్లు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి.

ఆమె గొళ్లెం ఇంకోసారి లాగి చూసుకుంది.

చనిపోయిన కొడుకూ కోడలూ ఆమె చేతిలో పెట్టిపోయిన ఒక్కగానొక్క పిల్ల కోమల. పాపం, తల్లి కడుపులోనే హెచ్‌ఐవీ అంటుకుంది. కొడుకు కామెర్లతో పోయాడని కాలనీకి చెప్పింది కిష్టవ్వ. రోజూ వేసే మందులు బలం గోళీలని పిల్లకు చెప్పింది. మందుల కోసం దగ్గరున్న మంచిర్యాల కూడా దాటి కరీంనగర్ దాకా బస్సెక్కేది. అక్కడైతే తెలిసిన మొహం ఎదురుకాదు కదా.

ఇప్పుడా ధైర్యమూ పోయింది. లండన్‌లో పనిచేసే మన డాక్టర్లు, నర్సులు ఇక్కడి డాక్టర్లతో చేతులు కలిపి, పిల్లలు బస్సుల్లో నలగకూడదని మందమర్రి బజారులోనే హెచ్‌ఐవీ మందుల కేంద్రం తెరిచారు. పుణ్యమే, కాదనను. కానీ కిష్టవ్వనెవరు అడిగారు? కరీంనగర్‌లో కోమల కాయితాలు ఆ కేంద్రానికి మార్చి, ఇకమీద మందులు అక్కడే తీసుకోమన్నారు. ఆమె ఆ గడప తొక్కలేదు. గోళీలు అయిపోయాయి.

"రాత్రి పిల్లకు జరంతోని ఒళ్లు కాలింది. నువ్వు తీస్కపోతవా, నన్ను తీస్కపొమ్మంటవా?" గట్టిగానే అడిగాడు హనుమండ్లు.

"ఎవలన్న చూస్తే? రేపు బళ్లె దాని పక్కన ఎవలు కూసుంటరు?"

"మందు బందైతే బడికి పోను పిల్లనే ఉండది గదా!"

అంతలో తలుపు చప్పుడైంది. తెరిస్తే డాక్టర్ అంబ్రీన్. కరీంనగర్ బిడ్డే, లండన్ నుంచి వచ్చింది. కేంద్రం తెరిచిన రోజు కట్టిన ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో ఊరంతా చూసింది.

"కోమల ఉన్నదా అవ్వా? జర చూసి పోదామని వచ్చిన."

ఎదురింట్లో బట్టలు ఆరేస్తున్న మమతారాణి చెయ్యి ఆగిపోయింది. కిష్టవ్వ అది చూసింది.

"గా పేరుతోని మా ఇంట్ల ఎవ్వల్లేరు" అని తలుపు వేసేసింది.

వెనక్కి తిరిగితే కోమల. జ్వరంతో కళ్లు ఎర్రబడ్డాయి.

"బాపమ్మా, నేను లేనా?"

కోమల లేదన్న మాట ఎన్నడు వినాల్సి వస్తుందోనని ఇన్నాళ్లు వణికిన కిష్టవ్వ, ఆ మాటే తన నోటితో తనే అనేసింది. పిల్లను ఒళ్లోకి లాక్కుని భోరున ఏడ్చింది.

"ఉన్నవ్ బిడ్డా, ఉన్నవ్."

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

"డాక్టరమ్మా, ఆగు. కోమల ఉన్నది. నా మనుమరాలే. దానికి మందు గావాలె."

అంబ్రీన్ గబగబా వెనక్కి వచ్చింది. "తప్పు మాదే అవ్వా. దగ్గరికి తెస్తే చాలనుకున్నం, మీ భయం అడగలే. ఇంటికి రావుడు గూడ తప్పే. కరీంనగరే నయమంటే అక్కడనే ఇప్పిస్త."

"భయం యాడికి పోతది బిడ్డా? కరీంనగర్ పోయినా నా ఎంబడే అచ్చింది. ఈడనే తీస్కుంట."

కోమలను వెంటబెట్టుకుని కిష్టవ్వ, హనుమండ్లు, అంబ్రీన్ బజారు వైపు నడిచారు. మమతారాణి చూస్తూనే ఉంది. కిష్టవ్వ తలెత్తుకుని నడిచిందని చెప్పను, వంచుకునే నడిచింది. కానీ పిల్ల చెయ్యి మాత్రం వదల్లేదు.