తెగిన వైరు

చిలకలూరిపేటలో మిరపకాయలు ఎండబెట్టే రోజులు. సిలార్ వాళ్ల సందులోకి వచ్చినవాడెవడూ తుమ్మకుండా ఇల్లు చేరడు. సిలార్‌కి ఆ ఘాటంటే బెంగ. తన గురించి కాదు, తన పెట్టె గురించి. గిటారు శబ్దాన్ని ఊరంతా వినిపించే ఆంప్లిఫయర్ అది. గుంటూరులో ఒక రేడియో మెకానిక్ వెంటపడి, బతిమాలి చేయించుకున్నాడు. పెళ్లి బ్యాండులో గిటారు వాయించే కుర్రాడికి అంతకంటే ఏం కావాలి? చలిరాత్రి దుప్పటి కూడా తను కప్పుకోకుండా దానికే కప్పేవాడు. "దాంతోనే నిఖా చేస్తాలేరా," అని తల్లి జైతున్‌బీ ఆటపట్టించేది.

ఇప్పుడామె పెట్టె ఉన్న గదిలోకి రావడం లేదు. వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"పెట్టె కొనుక్కోడానికి గౌస్ బాషా గారు వస్తారు. ఇచ్చెయ్యి. ఇంక దాన్ని నా కళ్లబడనివ్వకు," అంది.

ఇంట్లో కరెంటు లేదు. అందుకే సిలార్ ఊళ్లోని పత్తి మిల్లు గోడౌనులో, పత్తి కుప్పల పక్కన సాధన చేసుకునేవాడు. చెల్లెలు కరీమున్ పెట్టె దగ్గర కూర్చుని, శబ్దం పెంచే మర తిప్పేది. "ఇంకొంచెం పెంచనా అన్నా?" అని పాట సగంలో పదిసార్లు అడిగేది.

పోయిన చలికాలం ఒక సాయంత్రం, గిటారు వీపున వేసుకుని టీకి వెళుతూ, "పెట్టె దగ్గరే ఉండు. ఎవరొచ్చినా దానిమీంచి చెయ్యి తియ్యొద్దు," అన్నాడు. పెట్టె ఆపలేదు. లోపల బల్బులు కాగుతున్నాయి. పైన పత్తి నూగు పడుతోంది.

తిరిగొచ్చేసరికి గోడౌను పొగలో మునిగిపోయింది. చెల్లెలు ఎప్పుడో బయటపడి ఉంటుందనుకున్నాడు. అలా అనుకోవడం తేలిక. పాకుతూ లోపలికెళ్లి, పెట్టె పిడి అందుకుని లాగాడు. వెనకాల వైరు దేనికో చిక్కుకుంది. బలంకొద్దీ గుంజాడు. తెగింది.

కరీమున్ గుప్పిట ఎవరూ విప్పలేకపోయారు. ఆ వైరు ముక్కతోనే ఖననం చేశారు.

అయినా సిలార్ పెట్టెను పారెయ్యలేకపోయాడు. మసి తుడిచాడు. సిగ్గులేదా అని తనను తానే తిట్టుకుంటూ తుడిచాడు.

పొద్దు వాలుతుండగా గుంటూరు నుంచి బ్యాండు మాస్టరు గౌస్ బాషా వచ్చాడు. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "వైరు నేను వేయించుకుంటాలే," అంటూ పిడి పట్టుకుని గడపదాకా నడిచాడు. అక్కడ ఆగాడు.

"ఏరా, వెనకాల ఏదో పట్టుకుని లాగుతోంది. విడిపించు."

సిలార్ చూశాడు. పెట్టె వెనక వైరు ఉండాల్సిన చోట బెజ్జం. అంతే...

"చిక్కుకోడానికి వైరే లేదండి."

"మరి లాగుతున్నదెవరు?"

పెట్టె వెనక్కి జరిగింది. జానెడు. ఇంకో జానెడు. గౌస్ బాషా పిడి వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి వెళ్లిపోయాడు.

సిలార్ పెట్టె మీదికి వంగాడు.

"కరీమూ... వదిలెయ్యమ్మా. నేను చూళ్లేదు... నిజంగా చూళ్లేదు..."

తర్వాత చెవి పక్కనే...

"చెయ్యి తియ్యొద్దన్నావుగా అన్నా."

ఆ గొంతులో కోపం లేదు. చెప్పిన పని బుద్ధిగా చేస్తున్న పిల్ల గొంతు. అదే అతను భరించలేకపోయాడు. పెట్టెను బయట పారేద్దామని పిడి పట్టుకున్నాడు. కాలుతోంది. చెయ్యి తీద్దామనుకున్నాడు.

రాలేదు.

పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. "ఏమిట్రా ఆ వాసన?" వాకిట్లోంచి తల్లి అంటోంది. మిరప ఘాటు కాదు... పత్తి కాలుతున్న వాసన.

"ఇంకొంచెం పెంచనా అన్నా?"

ఎవరూ ముట్టుకోని మర మెల్లగా కుడివైపుకి తిరుగుతోంది.