గులాబీ తోటలో వెనక నడక

సురంగల్ దాటి చేవెళ్ల వైపు వెళ్లే మట్టి దారిలో ఒక పాడుబడ్డ గులాబీ తోట ఉంది. ఒకప్పుడు అక్కడ పెద్ద పెద్ద ప్లాస్టిక్ పందిళ్ల కింద పూలు పూసేవి, తెల్లారకముందే ఆటోల్లో పట్నం చేరేవి. ఇప్పుడు పందిళ్లకు ఇనప గొట్టాలు మాత్రం మిగిలాయి, వాటికి చిరిగిన కవర్లు వేలాడుతున్నాయి. పగలు మేకలు మేస్తాయి. చీకటి పడితే... మేకలు కూడా అటు పోవంటారు.

అక్కడ ఏమున్నదని అడిగితే మనిషికొక మాట చెబుతారు. ఒకాయన ఏడుపు విన్నానంటాడు. ఇంకొకాయన, ఆ మూల మలుపులో బండి ఎంత కొట్టినా స్టార్ట్ కాలేదంటాడు. ఆయన బండి పట్టపగలు కూడా స్టార్ట్ కాదు, అది వేరే సంగతి. ఎండిపోయిన తోటలో గులాబీల వాసన వచ్చిందని ఒకావిడ ఒట్టేసి చెబుతుంది. కళ్లారా చూశామన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

మొయినాబాద్‌లో పెళ్లిళ్ల వీడియోలు తీసే పరమేష్ ఈ కథలన్నీ విన్నవాడే. విని నవ్వినవాడే. పెళ్లిళ్ల సీజన్లో రాత్రిళ్లు స్కూటీ మీద ఊళ్లు తిరిగేవాడికి దెయ్యాల భయమేమిటి? అతని భయం వేరే ఉంది. ఈ మధ్య అతని ఫోన్ మోగడం లేదు.

దానికి కారణం చేవెళ్లలో జరిగిన ఒక పెళ్లి.

పరమేష్ కెమెరా మామూలుది. జనం ఊటీకి పోతూ మెడలో వేసుకుంటారే, ఆ రకం. బొమ్మ బాగానే వస్తుంది కానీ దానికో జబ్బు ఉంది. అరగంట కాగానే తనంతట తానే రికార్డింగ్ ఆపేస్తుంది, మళ్లీ బటన్ నొక్కాలి. ఎన్నో పెళ్లిళ్లలో గుర్తుపెట్టుకుని నొక్కాడు. ఆ రోజు మేళాల గోలలో, అడ్డుతెర దించే హడావిడిలో మరిచిపోయాడు. వధూవరులు జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. పరమేష్ చెమటలు కక్కుతూ కెమెరా పట్టుకునే ఉన్నాడు. కెమెరా మాత్రం నిద్రపోతోంది.

వీడియో చూసిన పెళ్లికూతురి తల్లి అతన్ని తిట్టలేదు. "మా బిడ్డ జీలకర్ర బెల్లం ఏది నాయనా?" అని అడిగింది, అంతే. ఆ ఒక్క మాట చేవెళ్ల నుంచి మొయినాబాద్‌కు అతని కంటే ముందే వచ్చేసింది. పరమేష్ ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేకపోయాడు.

ఆ తర్వాతే కోఠీ పోయి ఒక రికార్డర్ కొన్నాడు. పాతది, చవకది, సగం ఇటుకంత ఉంటుంది. కెమెరా నెత్తిన బిగించి ఒక పొట్టి వైరుతో కలిపితే చాలు, కెమెరా చూసేదంతా నేరుగా ఇందులోని డిస్కులోకి పోతుంది. అరగంట గొడవ లేదు. చీకట్లో కూడా బొమ్మ గరుకుగా రాదు. పెద్ద స్క్రీన్, దాని చుట్టూ వెలుతురు పడకుండా నల్లటి తొడుగు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే మైకులో పడ్డ పట్టీల చప్పుడు కూడా చెవిలో మోగుతుంది.

చిక్కల్లా ఒక్కటే. ఆ తొడుగులో ముఖం పెట్టాక చుట్టూ ఏముందో కనపడదు, ఏం జరుగుతోందో వినపడదు. "గానుగెద్దుకు గంతలు కట్టినట్టున్నవ్" అని భార్య కావ్య నవ్వింది. పరమేష్ పట్టించుకోలేదు. ఇది కూడా అచ్చిరాకపోతే కెమెరా అమ్మేసి ఆటో తోలుకోవాలని మొగుడూపెళ్లాలు అప్పటికే అనుకున్నారు.

అలాంటి సమయంలో అభిలాష్ పిలిచాడు. బడిలో పరమేష్‌కు జూనియర్. సురంగల్ జనార్దన్ పటేల్ కూతురు అక్షయతో పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు ఒక వీడియో కావాలి. చీకట్లో, ఆ పాడుబడ్డ తోటలో, చేతుల్లో లాంతర్లతో ఇద్దరూ నడిచి రావాలి. ఎక్కడా కట్ ఉండకూడదు. రిసెప్షన్‌లో పెద్ద తెర మీద వేస్తారు, రెండు మండలాల జనం చూస్తారు.

"అన్నా, అందరు నిన్ను వద్దన్నరు. నేనే పట్టుబట్టిన. ఇజ్జత్ తియ్యకు" అన్నాడు అభిలాష్.

"నీ ఇజ్జత్ కాదు తమ్మీ, నా బతుకే ఉన్నది దాంట్ల" అన్నాడు పరమేష్.

వాళ్లు తోటకు చేరేసరికి పొద్దు గూకింది. పరమేష్ వెంట బావమరిది ప్రేమ్ కుమార్ ఉన్నాడు. అతని గురించి చెప్పాలంటే వెనక నడక గురించి చెప్పాలి. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు జంటకు ఎదురుగా, వెనక్కి నడుస్తూ తీస్తారు. వెనక కళ్లుండవు కదా. అందుకని ఒక మనిషి నడుము దగ్గర బెల్టు పట్టుకుని నడిపిస్తాడు. మాటలుండవు, వీడియోలో పడతాయని. అంతా బెల్టు భాషే. ఎడమకు లాగితే ఎడమకు తిరగాలి, కుడికి లాగితే కుడికి. రెండుసార్లు గుంజితే ఆగాలి. మెల్లగా, సాగదీసినట్టు లాగితే దారి సాఫుగా ఉంది, వెనక్కి రావచ్చని అర్థం.

ఈ పనిలో తిరిగి చూడకూడదు. చూస్తే షాట్ పోతుంది. బెల్టు ఎటు చెబితే అటు కాలు వెయ్యాలి, అంతే. "బావ ప్రాణం నా పిడికిట్ల ఉన్నది" అని ప్రేమ్ కుమార్ పెళ్లిళ్లలో గొప్పలు పోయేవాడు.

గేటు దగ్గర పక్క ఫారం వాచ్‌మన్ హన్మయ్య ఎదురొచ్చాడు. దెయ్యాల ఊసెత్తలేదు. "బిడ్డా, పందిరి ఇవతల ఎడమ దిక్కు బాయున్నది. గోడ కూలింది, గడ్డి కమ్మింది. కనపడది. అటు పోకుండ్రి" అని చెప్పి వెళ్లిపోయాడు.

టార్చి వేసి చూసుకున్నారు. వాళ్ల దారి పందిరి మధ్యలో నుంచి తిన్నగా పోతుంది, మలుపు లేదు. బావి ఎక్కడో పక్కన, గడ్డిలో. దానితో వాళ్లకు పనే లేదు.

లైట్లు పెడుతుండగా గాలి లేచింది. వెంటనే... ఏడుపు. సన్నగా, ఆగి ఆగి, ఆడమనిషి గొంతులా.

అక్షయ అభిలాష్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. పరమేష్‌కు కూడా భయమేసింది, ఎందుకు దాచాలి? అయినా టార్చి పట్టుకుని ఆ చప్పుడు వైపే నడిచాడు. తీరా చూస్తే గొట్టానికి చిక్కుకున్న ఒక ప్లాస్టిక్ కవరు. గాలి వచ్చినప్పుడల్లా చిరుగులోంచి ఊళ పెడుతోంది.

పరమేష్ దాన్ని పట్టుకుని పర్రున చింపేశాడు. ఏడుపు ఆగిపోయింది.

"గిదీ మీ దయ్యం!" అని ఆ ముక్క గాల్లో ఊపాడు. అందరూ నవ్వారు, అక్షయ అందరికంటే ఎక్కువ నవ్వింది. ఇక ఎవరికీ ఏ భయమూ లేదు.

పందిరి ఆ కొసన, జంట వెనక ఒక లైటు పెట్టారు. అభిలాష్, అక్షయ దాని ముందు లాంతర్లు పట్టుకుని నిలబడ్డారు. పరమేష్ తొడుగులో ముఖం పెట్టాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకున్నాడు. స్క్రీన్ మీద అక్షయ ముఖం లాంతరు వెలుగులో వెలిగిపోతోంది. ఇంత మంచి బొమ్మ అతని చేతిలో ఎప్పుడూ రాలేదు. సంతోషంతో గుండె నిండింది.

"రెడీనా ప్రేమ్?"

బెల్టు ఒకసారి వదులైంది... మళ్లీ బిగిసింది. చెయ్యి మార్చుకున్నాడేమో అనుకున్నాడు పరమేష్.

"కెమెరానే చూసుకుంట రాండ్రి. నేనెటు పోతే అటే" అని జంటకు చెప్పి, రికార్డింగ్ నొక్కాడు.

నడక మొదలైంది. అక్షయ పట్టీలు చెవిలో ఘల్లుమంటున్నాయి. పరమేష్ అడుగు వెనక అడుగు వేస్తున్నాడు. అతని ధ్యాసంతా ఆమె ముఖం మీదే. ఆ ఫోకస్ ఒక్క క్షణం చెదిరినా షాట్ మొత్తం దండగ. నడుము దగ్గర చెయ్యి నిదానంగా, మెల్లగా లాగుతోంది. ఎప్పుడూ ఇంత మెత్తగా పట్టలేదు ప్రేమ్. పని నేర్చాడు వీడు అనుకున్నాడు పరమేష్.

పందిరి దాటినట్టు తెలిసింది. పైన గొట్టాలు లేవు. ఆపుతాడేమో అనుకున్నాడు. ఆపలేదు. బెల్టు ఎడమకు లాగింది.

ఎడమకు తిరిగాడు. అటు నేల బాగుందేమో, షాట్ ఇంకా పొడుగు రానీ అనుకుంటున్నాడేమో. కాలి కింద గడ్డి తగిలింది. మొదట మడమల దాకా... తర్వాత మోకాళ్ల దాకా. జంట నవ్వుతూ, కెమెరానే చూస్తూ వస్తోంది. చల్లటి గాలి వీపుకు తగిలింది.

రెండుసార్లు గుంజింది బెల్టు.

ఆగాడు. జంటను కూడా చెయ్యెత్తి ఆపాడు. రికార్డింగ్ ఆపి, ఊపిరి వదిలాడు. ఎక్కడా కట్ లేదు, ఎక్కడా ఆగలేదు! ఏడ్వాలనిపించింది అతనికి. ఇంక ఆటో అవసరం లేదు. కావ్యకు ఫోన్ చేయాలనిపించింది. ముందు ఒకసారి చూసుకుందామని తొడుగులోంచి ముఖం తీయకుండానే ప్లే నొక్కాడు.

మొదటి నుంచీ బ్రహ్మాండం. లాంతర్లు, పట్టీలు, ఆ నవ్వులు... అంతలో చిరాకేసింది. జంట వెనక, లైటు పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు. తీసేటప్పుడు అక్షయ ముఖం మీదే దృష్టి ఉండి గమనించలేదు.

"ఫ్రేముల ఎవడో కూసున్నడు చూడు ప్రేమ్... అంత ఖరాబ్ చేసిండు" అన్నాడు పరమేష్, నడుము పట్టుకున్నవాడితో.

బెల్టు మీద చెయ్యి అలాగే ఉంది.

స్క్రీన్ మీద ఆ మనిషి వాలిపోతున్న లైటు స్టాండును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఎర్ర చొక్కా. నడక మొదలైన దగ్గర్నుంచి అక్కడే ఉన్నాడు, ఒక్కసారి కూడా కదల్లేదు. పరమేష్ బొమ్మను వేలితో పెద్దది చేశాడు. ఆ మనిషి తలెత్తి ఇటు చూశాడు.

ప్రేమ్ కుమార్.

పరమేష్ కాలు కదపలేదు. కళ్లు స్క్రీన్ మీద నుంచి తీయలేదు. తీస్తే వెనక్కి చూడాల్సి వస్తుంది...

అప్పుడు, నడుము దగ్గర... బెల్టు మెల్లగా లాగింది. సాగదీసినట్టు, ఎంతో మర్యాదగా. దారి సాఫుగా ఉంది, ఇంకొక్క అడుగు వెనక్కి రా అని.

పరమేష్ తలను ఒక్క విదిలింపు విదిలించాడు. ఇయర్‌ఫోన్లు ఊడిపోయాయి. దూరం నుంచి ప్రేమ్ కుమార్ అరుపు చెవిన పడింది.

"బావా! కదలకు! వెనుక బాయున్నది! బావా!"

కెమెరాను గుండెలకు హత్తుకుని ముందుకు బోర్లా పడ్డాడు పరమేష్. ఒక్క క్షణం బెల్టు వదల్లేదు. నడుము కోసుకుపోయేంత బిగిసి... వదిలేసింది.

అభిలాష్ పరుగెత్తుకొచ్చి అతని చేతులు పట్టి ఈడ్చాడు. ప్రేమ్ కుమార్ టార్చితో వచ్చి పడ్డాడు.

"లైటు పడిపోతుందని ఉరికిన బావా. చెప్పి పోయిన... నీ చెవుల అవి ఉన్నయి, వినపడలేదు. లైటు నిలబెట్టి చూసేసరికి నువ్వు బాయి కాడున్నవ్. నేను లేకుండ ఎట్ల నడిచినవ్? ఎడమకు ఎట్ల మలిగినవ్?"

ప్రేమ్ కుమార్ టార్చి అటు తిప్పాడు. పరమేష్ మడమలు ఆనిన చోట గడ్డి నలిగి ఉంది. దాని తర్వాత జానెడు నేల కూడా లేదు. టార్చి లోపలికి వేశారు. లోతుగా, రాళ్ల గోడ. అడుగున ఎండిన ఆకులు, ముళ్లకంప, పాత ప్లాస్టిక్ కవర్లు. నీటిచుక్క లేక ఏళ్లు అయినట్టుంది. అక్కడ ఎవరూ లేరు. చుట్టుపక్కల గడ్డి కూడా కదల్లేదు.

"కంపకు గింపకు చిక్కుకున్నదేమో బెల్టు" అన్నాడు అభిలాష్, నవ్వబోయి. ఎవరూ నవ్వలేదు. అయినా ఆ మాటను పరమేష్ గట్టిగా పట్టుకున్నాడు. అవును, కంపే అయ్యుంటుంది. చీకట్లో దారి తప్పాడు, కంప చిక్కుకుంది, అదే అతన్ని ఆపింది. లేచి నిలబడ్డాడు. గుండె కాస్త కుదుటపడింది. "పోదాం పట్టుండ్రి" అన్నాడు.

అప్పుడు అక్షయ వచ్చింది. లంగా గడ్డికి పట్టకుండా ఎత్తి పట్టుకుని, ఇప్పటిదాకా జరిగిందేమిటో సరిగ్గా తెలియక, మెల్లగా నడుస్తూ. లాంతరు ఎత్తి పరమేష్ వెనకకు, గడ్డిలోకి, అటూ ఇటూ చూసింది.

"అన్నా, అక్క ఏది?"

"ఏ అక్క?" అన్నాడు పరమేష్.

"అదే... మీ నడుము పట్టుకొని నడిపించింది కదా, ఆ అక్క. మొదటినుంచి నన్నే చూసుకుంట నవ్వింది." తన భుజం మీది శాలువా తీసి అతనికి అందించింది అక్షయ. "జర గిది ఇయ్యన్నా ఆమెకు. పాపం, చీర మొత్తం తడిసి నీళ్లు కారుతున్నయి."