మట్టి కింద రాగి చెవులు

"డ్యామ్ కట్ట కింద ఎవరో సొరంగం తవ్వుతున్నారు," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా. కట్ట పేలితే దిగువనున్న ఊరు మిగలదు. మట్టిలో మన వైర్‌లెస్ సెన్సర్లున్నాయి గానీ, డేటా రేటు నత్తనడక. చప్పుడు ఎక్కడిదో తేలేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది."

"నాకు వదిలెయ్యండి సార్," అంది ఏజెంట్ ఉడత.

ఆ డ్యామ్ గేట్లు నడిపేది ఆమె సొంత అక్క.

ఉడత తోటమాలి వేషంలో కట్ట మీద గడ్డి కత్తిరిస్తుండగా, చీఫ్ పంపిన సిగ్నల్ సలహాదారు కారు దిగింది. డిపార్ట్‌మెంటంతా ఆమెను ముత్యం అంటారు. ఆమె నవ్వితే సగం మంది ఆఫీసర్లు ఫైళ్ళు తలకిందులుగా పట్టుకుంటారు.

"గడ్డి ఎండిపోతోంది. కట్టంతా బాగా తడుపు."

"అలాగే మేడమ్."

ఉడతకు ఒళ్ళు మండింది. తడి మట్టి రేడియో సిగ్నల్‌ను మింగేస్తుందని ఆ రంగంలో అ ఆలు నేర్చినవాళ్ళకైనా తెలుసు. అంటే ముత్యం అవతలి మనిషి!

చీఫ్‌తో అదే చెప్పింది. "అసూయ మానుకో," అన్నాడాయన.

ఇక ఆయన్ని అడగదలుచుకోలేదు. ఒక చేత్తో నీళ్ళ పైపు, ఇంకో చేత్తో గునపం. పూలమొక్కలు నాటే నెపంతో సెన్సర్లకు యాంటెన్నాలు పీకేసి రాగి తీగ చుట్టలు తగిలించింది. నడుమ బ్యాటరీ లేని చుట్టలు వరుసగా పాతింది. ఒక చుట్టలోని అయస్కాంత శక్తి పక్కదానికి కబురు అందిస్తుంది. నీళ్ళున్నా దానికి లెక్కలేదు.

కట్ట బురదైంది. రేడియో మూగబోయింది. ముత్యం పంపిన కబురుతో, ఇక తమను వినేవాళ్ళు లేరని సొరంగంలోవాళ్ళు సమ్మెటలు యథేచ్ఛగా ఆడించారు.

"సిగ్నల్ పోయింది," ఇయర్‌పీస్‌లో చీఫ్ అరిచాడు. "మీ అక్కను తీసుకుని వచ్చెయ్. ఇది ఆర్డర్."

"రాను సార్."

"నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే!"

"కమాండోల్ని దించండి సార్. చోటు నేను చెప్తా."

ఉడత గేట్ల గదిలోకి వచ్చి వెళ్ళిపొమ్మన్నా, అక్క మీటల దగ్గర నుంచి కదల్లేదు. "నీళ్ళు దించకుండా ఊరిని వదిలేసి ఎక్కడికే పోయేది? నీ పని నువ్వు చూసుకో."

ఉడత రాగి చుట్టలకు కలిపిన రిసీవర్ స్విచ్ నొక్కింది.

గంటకో ముక్క చెప్పే సెన్సర్లు గడగడా వాగాయి. స్క్రీన్ మీద సొరంగం గీత గీసినట్టు తేలింది.

"మూడో గేటు కింద! పాత మురుగు కాలువలోంచి వెళ్ళండి!"

కమాండోలు దూకారు. బాంబు టైమర్‌లో ఒక్క సెకను మిగిలుండగా వైరు తెగింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే చేతులెత్తారు.

అక్క మీటల మీదే తల వాల్చి ఏడ్చేసింది.

సంగతి తెలిసి ముత్యం కారు వైపు అడ్డంగా గడ్డిలోకి పరుగెత్తింది. నాలుగడుగులకే ఎత్తు మడమల చెప్పులు రెండూ బురదలో దిగబడ్డాయి. ఎంత గుంజినా రాలేదు.

ఉడత సంకెళ్ళు వేసి, తోటమాలి గొంతుతోనే వినయంగా అడిగింది.

"ఇంకొంచెం తడపమంటారా మేడమ్?"