రాతి వంతెన మీద ఎదురొచ్చిన మనిషి

మా లోయలో ఆ రాతి వంతెనకు మంచి పేరు లేదు. దాని పక్కనే నీళ్లు ముంచేసిన పాత బొగ్గుగని ఉంది. అందులో మొగుణ్ణి పోగొట్టుకున్న ఒకావిడ తడి శాలువ కప్పుకుని, చచ్చి దెయ్యమై ఇప్పటికీ అక్కడే నిలబడి ఎదురుచూస్తుందని చెప్పుకునేవాళ్లు. వంతెన అవతలి కొత్త గనికి పోయే మగాడికి దారిలో ఏ ఆడమనిషి ఎదురైనా ఆ పూటకి పని మానేసి ఇంటికొచ్చేయడమే... ఇక ఆవిడే ఎదురైతే చెప్పాలా!

ఆ రాత్రి, గని పనివాడు మోస్టిన్ పెళ్లాం లౌరికి నిద్ర పట్టలేదు. కిటికీలోంచి చూస్తే, గని వైపు నుంచి ఒక చిన్న నీలి దీపం వస్తోంది — మోసేవాళ్లెవరూ లేరు — వంతెన దాటి, కొండ ఎక్కి, సరిగ్గా ఆమె గుమ్మం ముందుకొచ్చి ఆరిపోయింది. శవం రాబోయే దారిన ముందుగా ఆ దీపం వస్తుందని మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు.

"ఇవాళ్టికి మానెయ్యవయ్యా... నీ కాళ్లు పట్టుకుంటా," అంది, తెల్లవారకముందే పనికి బయల్దేరుతున్న మొగుడితో.

మోస్టిన్ బూట్ల తాళ్లు బిగిస్తున్నాడు. "దీపాలు చూసి ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలుగుతుందా?"

"బావని కొంగుకి కట్టేసుకుంటావా ఏంటక్కా!" అని నవ్వాడు ఇద్వల్, రొట్టె నములుతూ. లౌరి తమ్ముడు. వాళ్లింట్లోనే ఉంటూ బావతో పాటే గనిలోకి దిగేవాడు.

ఇక లౌరికి ఒక్కటే దారి తోచింది. నల్ల శాలువ తల మీదుగా కప్పుకుని, వెనక తలుపులోంచి బయటపడింది. అడ్డదారిన పోయి వంతెన మీద తనే నిలబడాలి. దెయ్యమనుకుని జడుసుకుంటాడో, ఆడది ఎదురైందని తిట్టుకుంటాడో — వెనక్కి తిరిగితే చాలు. చీకట్లో పరుగెత్తింది. దేవుడా, మోస్టిన్‌ని నాకు మిగుల్చు... మోస్టిన్‌ని మిగుల్చు... ఇంకో పేరు ఆమె నోటికి రాలేదు.

గని మట్టి దిబ్బ దగ్గర కాలు జారింది. దొర్లుకుంటూ పోయి వాగు గట్టున పడింది. లేవబోతే మడమ నిలవనివ్వలేదు. పైన బూట్ల చప్పుడు... దగ్గరైంది... వంతెన మీదికొచ్చింది... లౌరి అరిచింది. వాగు హోరులో ఆ అరుపు ఆమెకే వినబడలేదు.

పాకుతూ, ఏడుస్తూ ఇల్లు చేరేసరికి తెల్లవారుతోంది. తలుపు తోసింది.

పొయ్యి ముందు మోస్టిన్!

"ఎంత పని చేశావే! వంతెన మీద నీ శాలువలోంచి నీళ్లు కారుతుంటే నిజంగా దెయ్యమే అనుకుని తిరిగొచ్చా. తీరా చూస్తే ఇంట్లో నువ్వు లేవు... అప్పుడర్థమైంది నీ నాటకం."

లౌరి అతన్ని పట్టుకుని ఏడ్చింది, నవ్వింది. అప్పుడు మెల్లగా అంది —

"నేను... వంతెన దాకా పోనేలేదయ్యా."

లౌరి చుట్టూ చూసింది. పొయ్యి పక్కన ఒక్క జత బూట్లే ఉన్నాయి.

"ఇద్వల్ ఏడీ?"

"వాడికి అక్కడెవరూ కనబడలేదట. నన్ను వెక్కిరించి... ఆవిడ పక్కనించే నడిచి వెళ్లిపోయాడు."

లౌరి గుమ్మం వైపు చూసింది. దీపం ఆరింది ఈ ఇంటి ముందే. ఈ ఇంట్లో గనికి పోయేవాళ్లు ఇద్దరు... దారంతా తను వేడుకున్నది ఒక్కడి కోసమే.

అప్పుడే, వేళ కాని వేళ, గనిలో ప్రమాదమైతే మోగే కూత మొదలైంది... ఎంతకీ ఆగలేదు.