చేటలో కాగితం

తెల్లారి ఆరు గంటలకు, తోట కూలీల ఇళ్ళ చుట్టూ సర్కారు వేసిన ముళ్ళకంచె గేటు తెరిచారు. తాతబాబు ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. కూతురు పాపాయి గంజి గిన్నె ముందు పెట్టి లోపలికి పోయింది. తల్లి పోయిన ఈ రెండేళ్ళలో ఆమె అతన్ని ఒక్కసారి కూడా నాయనా అని పిలవలేదు.

ఇంకో నెలలో మలయాకు స్వతంత్రం. దాన్ని అడగమని కొన్నేళ్ళ కిందటే నాలుగు తోటల కూలీలు తాతబాబును ఎన్నుకున్నారు. ఓటు కాగితాలు లేవు. రబ్బరు పాలు పట్టే చిప్పలు వరసగా పెట్టి, ఒక్కొక్కరు ఒక్కో రబ్బరు గింజ వేశారు. అతని చిప్ప నిండింది. సర్కారు లెక్కలో అతను ఎవరూ కాదు. అయినా ఇపో పట్నం వెళ్ళాడు, కౌలాలంపూర్ వెళ్ళాడు. ఈ దేశం సొంత రాజ్యం కావాలని, ఇక్కడ పుట్టిన కూలీ బిడ్డలు దాని పౌరులు కావాలని దొరల ముందు నిలబడి అడిగాడు. భార్య మరిడమ్మ జ్వరంతో పోయిన రోజునా ఇపోలోనే ఉన్నాడు.

"నీ పుట్టిన కాగితం ఇయ్యి. పౌరసత్వం అర్జీలన్నీ ఇయ్యాల పట్టుకెల్లాల."

పాపాయి ట్రంకుపెట్టెలోంచి తెచ్చి ఇచ్చింది. తండ్రి పేరు దగ్గర కరుప్పయ్య అని ఉంది. కరుప్పయ్య పక్కింటి అరవాయన.

"ఏటిది?"

"నూటనలబై మంది కాగితాలు సదివినావు. నాది ఇప్పుడు సూసినావు."

పాపాయికి ముందు పుట్టిన ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. మూడో బిడ్డ దక్కాలని మరిడమ్మ ఆచారం ప్రకారం పిల్లను చేటలో పెట్టి, దోసెడు నూకలకు కరుప్పయ్య భార్య పుష్పవల్లికి అమ్మింది. తండ్రి ఆ నూకలు తిరిగిచ్చి బిడ్డను కొనుక్కోవాలి.

"అది ఆచారమే కదే! కాగితంలోకెందుకు ఎక్కింది?"

"కొన్నోడే తండ్రని కరుప్పయ్య మావే ఆఫీసులో రాయించినాడు. నువ్వొచ్చి కొనుక్కున్నాక మార్పిద్దామని అమ్మ ఆగింది. ముందు సంఘమన్నావు, తరవాత జపానోల్లన్నావు, ఇప్పుడు సొతంత్రమన్నావు."

"అందరి కోసమే కదా ఎల్లినాను!"

"ఎల్లినావు. అమ్మని మోసినోడెవడు? కరుప్పయ్య మావ."

తాతబాబు లేచి రేషను బియ్యం డబ్బా తీశాడు. అడుగున నూకలున్నాయి. దోసెడు తీసి మరిడమ్మ చేటలో పోసి పక్కింటికి నడిచాడు. పాపాయి కాగితం పట్టుకుని వెనకే వెళ్ళింది.

పుష్పవల్లి కొబ్బరి తురుముతోంది. చేట చూసి చెయ్యి ఆపింది.

"ఏన్ అణ్ణా, పదహారేళ్ళకి దోవ దొరికిందా? ఇపో కంటే నా ఇల్లు దూరమా?"

"పిల్లని ఇచ్చీ అమ్మా."

"పురుగు పట్టిన నూకలు," అంటూనే కొంగు పట్టింది. నూకలు పోయించుకుని, కొంగు ముడేసుకుంది. "ఇంత పెద్ద పిల్లని చేటలో ఎట్లా పెట్టేది?"

పాపాయి ఖాళీ చేటలో తన కాగితం పెట్టింది.

"ఆ పేరు మార్పించొద్దు, అమ్మని మోసినోడి పేరది," అంది. "అర్జీలో మావ కూతురనే ఇచ్చీ."

తాతబాబు తలూపాడు. చేట రెండు చేతులా పట్టుకుని ఇంటికి వచ్చాడు. అందులో బరువేమీ లేదు.

గుమ్మంలో గంజి తెట్టు కట్టి ఉంది.

"తాగు నాయనా," అంది పాపాయి. "లారీ వచ్చే ఏల అయింది."

తాతబాబు కళ్ళు నిండాయి. చేట వదలకుండానే, ఒక చేత్తో గిన్నె అందుకున్నాడు.