ఆకలి గనిలో పన్నెండో అంగీ

కుట్నా హోరా ఊరి చివర ఆకలి గని దగ్గర, పొద్దుగూకాక "ఆకలేస్తోంది" అన్న మాట ఎవరూ అనరు. ఎప్పుడో కరువు రోజుల్లో, గంజి కూడా తాగకుండా వెండి తవ్వడానికి దిగిన ఏడుగురు మట్టిపెళ్ళల కిందే ఉండిపోయారట... పుక్కిటి పురాణాలని నవ్వేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు కూడా పగలే నవ్వుతారు.

రదిమ్‌కి ఆ కబుర్లు వినే ఓపిక లేదు. వాళ్ళ నాన్న కనబడక నాలుగు గంటలైంది.

నాన్న ఓల్డ్రిఖ్ ముప్పై ఏళ్ళు బొగ్గు గనుల్లో చేసినవాడు. ఈమధ్య మతిమరుపు. "పోయేలోపు ఒక్కసారి గనిలోకి దింపరా" అని ప్రాణం తీసి, సాయంత్రం చివరి జట్టుతో, చూడ్డానికొచ్చినవాళ్ళకిచ్చే ముసుగున్న తెల్ల అంగీ తొడుక్కుని దిగాడు. రదిమ్‌కి ఇరుకంటే భయం. అందుకని ఎదురుగా పూటకూళ్ళ ఇంట్లో నాన్నకిష్టమైన పంది వేపుడు, పుల్ల క్యాబేజీ, ఉడికించిన పిండిముద్దలు చెప్పి, మందుబిళ్ళల కోసం బజారుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కంచం ఖాళీ... కుర్చీ ఖాళీ.

గని చూపించే యిట్కా ఒట్టేసి చెప్పింది. "పన్నెండు అంగీలు దిగాయి, పన్నెండు అంగీలు ఎక్కాయి. నేనే లెక్కపెట్టాను."

ఇంకేం, గనిలో లేడనుకుని ఊరంతా గాలించారు. చర్చి, వాగు, స్టేషను... నవంబరు చలి ఎముకలు కొరుకుతోంది. నాన్న కోటేమో రదిమ్ చేతిలోనే ఉంది. తెల్లారేదాకా ముసలాయన బతకడని అతనికి తెలుసు. కాళ్ళీడ్చుకుంటూ మళ్ళీ పూటకూళ్ళ ఇంటికే వచ్చి కూలబడ్డాడు.

"కడుపునిండా తినే వెళ్ళాడు నాయనా," అంది వండిపెట్టే ద్రహోమీరా. "ముసుగు మొహం మీదికి లాక్కుని, వంచిన తల ఎత్తలేదు. ఎముకలు కూడా పటపటా నమిలేశాడు."

కళ్ళు తుడుచుకోవడానికి రదిమ్ జేబులోంచి రుమాలు తీశాడు. అందులో ఏదో గట్టిగా తగిలింది...

నాన్న కట్టుడు పళ్ళు. గనిలోకి దిగేముందు తీసి ఇచ్చినవి.

మరి నమిలిందెవరు?

యిట్కా పరుగున వెళ్ళి గని తాళం తీసింది. ఇద్దరూ అంగీలు తొడుక్కుని, చెరో దీపం పట్టుకుని దిగారు. గోడలు రెండు భుజాలనూ ఒరుసుకుంటున్నాయి. రదిమ్ కళ్ళు మూసుకుని, నాన్నా నాన్నా అనుకుంటూ నడిచాడు.

సొరంగం కొసన ఓల్డ్రిఖ్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"లే నాన్నా."

"లేవకూడదురా," గొణిగాడు ముసలాయన. "ఇక్కడొకడు ఆకలని ఏడుస్తుంటే, నా అంగీ తొడిగి, నా కూడు తినిరమ్మని పంపా. వాడి చోట్లో నేను కూర్చున్నా. బదులు మనిషి రాందే చోటొదిలేవాడు... వాడేం గనివాడు?"

లాగారు. బతిమాలారు. ముప్పై ఏళ్ళ అలవాటు, కదల్లేదు. చేతులు ఐసుముక్కల్లా ఉన్నాయి, మాట ముద్దవుతోంది. రదిమ్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. చివరికి చిన్నప్పుడు నాన్న నోట విన్న గనివాళ్ళ పలకరింపు గుర్తొచ్చింది.

"దేవుడు తోడుండాలి," అన్నాడు. "నీ షిఫ్టు అయిపోయింది నాన్నా. బదులు నేనొచ్చాను. నువ్వు పో."

ముసలాయన మొహం తేటపడింది. బుద్ధిగా లేచి, కొడుకు భుజం తట్టి, యిట్కాని పట్టుకుని నడిచాడు.

రదిమ్ వెనకే అడుగెయ్యబోయాడు... కాలు లేవలేదు.

దీపం ఆరిపోయింది. అరవబోయాడు, గొంతు పెగల్లేదు. చీకట్లో ఎవరో అతని అంగీ ఊడలాక్కున్నారు. ఓ తడి భుజం అతన్ని ఒరుసుకుంటూ పైకి వెళ్ళిపోయింది...

పైనుంచి యిట్కా గొంతు. "పెద్దాయన... నేను... కొడుకు. అమ్మయ్య, ముగ్గురం."

తలుపు పడింది. తాళం తిరిగింది.

"ద్రహోమీరా పెద్దమ్మా," తలుపవతల యిట్కా కేకేస్తోంది, "ఇంకో కంచం పెట్టు. కొడుకు ఆకలంటున్నాడు."