ఎడమవైపు గుండీలు

శుక్రవారం పొద్దున్నే హెర్మినె రొట్టెకు పిండి పిసుకుతోంది. పొద్దుగూకే ముందు యూదుల విశ్రాంతి దినపు దీపాలు వెలిగించే వేళకు రొట్టె బల్ల మీద ఉండాలి. పక్క గదిలో కూతురు లిలియన్ తండ్రి తెల్లకోటు ఇస్త్రీ చేస్తోంది. మెల్‌బోర్న్ యూదుల సంఘం వాళ్ళు, పారిపోయి వచ్చినవాళ్ళ చదువుల నాటి గుర్తులతో ప్రదర్శన పెడుతున్నారు. కాసేపట్లో వాళ్ళ మనిషి వచ్చి ఆయన కోటూ, మైక్రోస్కోపూ తీసుకెళ్తాడు.

హెర్మినె భర్త ఓస్కర్ పోయి ఏడాది అయింది. వియన్నాలో తాను డాక్టరీ చదువుతుంటే నాజీలు తరిమేశారని ఆయన చెప్పే కథ వీధంతటికీ కంఠతా వచ్చు. కోటును మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. కన్న కూతురిని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. అంత భక్తి మరి!

లిలియన్ కోటు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

“అమ్మా, ముప్పై ఏళ్ళుగా కోట్లు కుడుతున్నాను. ఇది ఆడవాళ్ళ కోటు. గుండీలు ఎడమవైపున్నాయి.”

“అప్పట్లో ఎలా కుట్టేవారో...”

“కబుర్లు చెప్పకు. నాన్న భుజాలు ఇందులో పడతాయా? ఎవరిదిది?”

హెర్మినె పిండిలోంచి చేతులు తియ్యలేదు. “నాదే,” అంది. “మైక్రోస్కోపూ నాదే. మీ నాన్న కొట్లో టోపీలు అమ్మేవాడు.”

“మనక్కూడా పెట్టాడన్నమాట!” లిలియన్ కుర్చీలో కూలబడింది.

“ఓడ దిగాక, అక్కడేం చేసేవాడివని ఎవరో అడిగితే డాక్టరీ చదివేవాణ్ణని నోరు జారాడు. దిద్దుదామనుకునేలోపే అక్కడ వాళ్ళమ్మా తమ్ముళ్ళూ నాజీల చేతిలో పోయారని తెలిసింది. ఆయనకింకేం మిగిలిందే? ఆ గొప్పయినా ఉండనీ అనుకున్నాను.”

“ఎంత జాలి! పదిహేడేళ్ళప్పుడు డాక్టరీ చదువుతానని కాళ్ళావేళ్ళా పడ్డాను. ‘నేను చదివాను, నాకు తెలుసు, అది ఆడపిల్లల వల్ల కాదు’ అన్నాడు నాన్న. మర్నాడే మిషన్ ముందు కూర్చోబెట్టాడు. నువ్వు పక్కనే ఉన్నావు. నీ నోరేమైందమ్మా?”

“నోరు విప్పితే ఆయన పరువు పోయేది.”

“నా బతుకు పోయింది. అది ఫర్వాలేదా?”

ఇన్నేళ్ళూ హెర్మినె తాను త్యాగం చేశానన్న తృప్తితోనే బతికింది. ఆ త్యాగం ఖరీదు ఎవరు కట్టారో ఎన్నడూ ఆలోచించలేదు.

“నా చదువొక్కటే ఆయనకిచ్చాననుకున్నానే తల్లీ,” అని గొల్లుమంది. “నీది కూడా ఇచ్చేశాను.”

లిలియన్ లేచి, పిండి అంటిన ఆ ముసలి చేతులు పట్టుకుంది. “ఇవాళైతే క్షమించలేను,” అంటూ తానూ ఏడ్చింది.

ఇంతలో సంఘం మనిషి తలుపు తట్టాడు. “ఓస్కర్ గారి కోటు సిద్ధమేనా అండీ?”

హెర్మినె కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది.

“ఆయనది కాదు నాయనా, నాది. డాక్టరీ చదివింది నేను. మా అమ్మాయి చదువుతానంటే నోరు మూసుకున్నదీ నేనే. అదీ రాసుకో.”